రెండో వేలిముద్ర

నా కుడిచేతి బొటనవేలికి ఒకప్పుడు నలభై మూడు ఫోన్లు తెరుచుకునేవి. అందులో నాది ఒక్కటే. మిగతా నలభై రెండూ ఊళ్ళోవాళ్ళవి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పట్లో గొప్పగానే చెప్పుకునేదాన్ని.

నా పేరు రత్నాలు. మాది శృంగవరపుకోట పక్కన పల్లె. పెళ్ళయి ఘాటీ ఎక్కి అనంతగిరి వచ్చి ఇరవయ్యారేళ్ళయింది. మా ఆయనది కిరాణా కొట్టు. దానికి ఆనుకున్న గదిలో నేను ఫోన్ల కొట్టు పెట్టేను. బోర్డు మీద పైడితల్లి మొబైల్స్ అని పేరు, దాని కింద నా నంబరు పెద్ద పెద్ద అంకెల్లో ఉంటాయి. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. నేను చెప్పకపోయినా సంతలో ఎవర్నడిగినా చెప్తారు. ఈ గొడవంతా ఆ ఓపిక లేకపోవడం వల్లే వచ్చింది.

కొత్త ఫోనుకి వేలిముద్ర నేర్పించడమంటే చంటిపిల్లకి అన్నం తినిపించడమే. పెట్టు, తియ్యి, మళ్ళీ పెట్టు, కొంచెం పక్కకి పెట్టు అంటూనే ఉంటుంది. స్కూలు మాస్టర్లకీ, ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకీ నిమిషంలో అయిపోతుంది. కొండ మీద ఆడవాళ్ళ వేళ్ళు అలా కాదు. అడ్డాకులు కుట్టి, కాఫీ పళ్ళు కోసి, పసుపు తవ్వి వేలి మీద గీతలు అరిగిపోయుంటాయి. వేలు పెట్టమన్న ప్రతి మిషనూ వాళ్ళని మళ్ళీ పెట్టమంటుంది.

ఓ సంత రోజున ఒకామె పాతికసార్లు పెట్టింది. ఫోను ఒప్పుకోలేదు. వెనకాల పదిమంది నిలబడున్నారు, జీపు వెళ్ళిపోతాది బేగి కానియ్యమని ఒకటే గోల. నాకు తిక్క రేగి, ఆమె వేలు ఎలాగో ఒకలాగ ఎక్కించి, రెండోదిగా నా వేలు పెట్టీసేను. ఫోను టక్కున తీసుకుంది. అక్కణ్ణించి అదే అలవాటయిపోయింది. తెరుచుకోకపోతే నా దగ్గరికి తెండి, తీసిస్తానని చెప్పేదాన్ని. ఎలా తీస్తానో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. వాళ్ళు తెస్తే ఫోను తిప్పి, చటుక్కున వేలు పెట్టి ఇచ్చీసేదాన్ని. వాళ్ళకది ఏదో పనితనంలా కనిపించేది.

వేలు పలకనప్పుడు కొట్టడానికి నంబరొకటి ఉండాలి కదా. అది కూడా అందరికీ ఒకటే పెట్టేను, బోర్డు మీదున్న నా నంబరులో ఆఖరి నాలుగంకెలు. మర్చిపోతే తలెత్తి చూసుకుంటారని. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీశానని తోచనే లేదు.

గంగ సంగతి చెప్పాలి. గంగది పై కొండ మీద ఊరు, రెండు గంటల నడక. ప్రతి సంతకీ దిగి, బుట్ట నా కొట్టు మూలన పెట్టి బజారంతా తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు నాకో అడ్డాకుల కట్టో, పచ్చిమిరపకాయలో తెస్తుంది. నేను టీ పెడతాను. ఇద్దరం ఆ బల్ల మీదే కూర్చుని అన్నం తింటాం. పన్నెండేళ్ళుగా ఇదే వరస. అన్నేళ్ళూ నన్ను సావుకారమ్మా అనే పిలిచింది. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పా అనవే గంగా, నోరు అరిగిపోతుందేటి అనేదాన్ని. నవ్వీసి, సావుకార్లని అప్ప అనరమ్మా అనేది. నాకు లోపల చిన్నగా గుచ్చుకునేది. ఏం చేస్తాం, బలవంతాన పిలిపించుకునే పిలుపా అది.

గంగ వాళ్ళ అమ్మమ్మ పశువులకి మందు చేస్తుంది. గొడ్డు మేత మానేసినా, పొదుగు గట్టిపడినా నాలుగూళ్ళవాళ్ళు ఆ ముసలమ్మ గుమ్మంలోకే వస్తారు. ఏ ఆకు, ఏ వేరు, ఎప్పుడు తెంపాలి అన్నది ఆ ఇంటి ఆడపిల్లకి తప్ప బయటివాళ్ళకి తెలీకూడదు. తెలిస్తే మందు పారదని వాళ్ళ నమ్మకం. అందుకే నూరినప్పుడు కూడా రోలు మీద కొంగు కప్పుకుని, ఆ కొంగు కిందే నూరుతుంది. ముసలమ్మ దగ్గర్నుంచి గంగకి కొంతే వచ్చింది. గంగ దగ్గర్నుంచి దాని కూతురు గాయత్రికి వెళ్ళాలి. ఆ గుంట హాస్టల్లో ఉండి తొమ్మిది చదువుతోంది. కొండ మీద ఆకులున్నప్పుడు గుంట ఉండదు, గుంటకి సెలవులిచ్చేసరికి ఆకులుండవు. ముసలమ్మకి చూపు ఆనడం లేదు. ఇంకెన్నాళ్ళుంటుందో అని గంగ బెంగ.

అందుకని గంగ ఫోను కొనుక్కుంటానంది. ఆకాకునీ ఫోటో తీసి, అమ్మమ్మ మాట పక్కన రికార్డు చేసి గాయత్రి కోసం దాస్తుందట. ముసలమ్మ ముందు ఒప్పుకోలేదు. డబ్బాలో పెట్టింది ఎవరో ఒకరు తీసి చూస్తారు కదా అంది. ఆ మాటే పట్టుకొచ్చి గంగ నన్ను మూడుసార్లు అడిగింది. మూడోసారి నాకు చిరాకేసింది. నీ వేలికి తప్ప దేవుడు దిగొచ్చి వేలు పెట్టినా తెరుచుకోదే అన్నాను. ఒట్టేనా అంది. ఒట్టే అన్నాను.

తరవాత వేలు నేర్పించడానికి కూర్చున్నాం. అరగంట పట్టింది. ఎలాగో ఎక్కింది, రెండుసార్లు పెడితే ఒకసారి తెరుచుకుంటోంది. సంత ఎత్తేస్తారని గంగ ఉప్పుకీ ఎండుచేపలకీ పరిగెత్తింది. ఫోను నా చేతిలో ఉంది. నా వేలు దాని దారిన అది వెళ్ళి కూర్చుంది. ఒట్టు వేసి గంట కాలేదు. తప్పు చేస్తున్నానని కూడా అనిపించలేదు, అది మరీ పాపం. దీనికి రేపెప్పుడో తెరుచుకోక ఏడుస్తుంది, అప్పుడు నేనే కదా దిక్కు అనుకున్నాను.

వానలు మొదలవగానే గంగ ఆకుల పని పట్టింది. ప్రతి సంతకీ వచ్చి ఇవాల్టికి పద్నాలుగయ్యేయి, ఇవాల్టికి ఇరవై అయ్యేయి అని చెప్పేది. ఏ ఆకులో చెప్పేది కాదు, నేను అడిగేదాన్నీ కాదు. ఫోను తెరవాల్సొస్తే కొంగు మీద కప్పుకుని, ఆ కొంగు కిందే తెరిచేది. ఆ వేషం చూసి నేను ఎంత ఏడిపించేదాన్నో. ఫోనుకి చలేస్తుందేటే అనేదాన్ని.

కాఫీ పళ్ళ కోత మొదలయ్యేక ఓ సంతలో ఫోను గ్లాసు పగిలిందని తెచ్చింది. మార్చి ఉంచు, సాయంత్రం తీసుకుంటానని బజారుకి వెళ్ళింది. అదిగో, సరిగ్గా అప్పుడు దిగేడు లక్ష్మీప్రసాద్. మాకు వరసకి మరిది. శృంగవరపుకోటలో పశువుల దాణా, మందులూ అమ్ముతాడు. ముసలమ్మ మందు సీసాల్లో పోసి తన పేరు మీద అమ్ముకుందామని వాడి ఆశ. రెండుసార్లు కొండెక్కేడు. ముసలమ్మ మంచినీళ్ళిచ్చి పంపించీసింది.

బల్ల మీద ఎర్ర పూసల తాడు కట్టిన ఫోను చూసి అది ఎవరిదని అడిగేడు. నోరు ఊరుకోక గంగదని చెప్పేను. అందులో ఆకుల ఫోటోలున్నాయని సంతలో ఎవరో చెప్పేరట. అయినా లాభమేముంది వదినా, వేలిముద్ర కదా, నీ వల్ల కూడా కాదు అన్నాడు. వాడు కావాలనే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా బుర్ర గడ్డి తింది. నా వేలికి తెరుచుకోని ఫోను ఈ కొండ మీద లేదు అని పెట్టీసేను.

తెరుచుకుంది.

గంగ ఆఖర్న చూసిన ఫోటో అలాగే ఉంది. ముసలమ్మ ముడతల వేళ్ళు, ఆ వేళ్ళ మధ్య ఓ ఆకు. లక్ష్మీప్రసాద్ కుర్చీలోంచి లేచి మెడ చాచేడు. ఏం చేస్తున్నానో తెలీకుండానే ఫోను మీద కొంగు కప్పీసి ఒళ్ళోకి లాక్కున్నాను. వాడు చూడ్డం అయితే చూసేడు గానీ, చూసింది వేళ్ళే. ఆకు సగానికి పైగా వాటి వెనకాలే ఉండిపోయింది.

వాడు గొడవేం పెట్టలేదు. తీరిగ్గా కూర్చుని, నవ్వుతూ ఒక్క మాటన్నాడు.

"తొందరేం లేదు వదినా. నీ వేలుంటే ఎప్పుడైనా అవుతుంది."

వాణ్ణి అప్పుడే పొమ్మన్నాను. వెళ్ళిపోయేడు. ఆ మాట మాత్రం వెళ్ళలేదు. బోర్డు కింద కుర్చీలో కూర్చుని నా బొటనవేలు నేనే చూసుకున్నాను. నలభై రెండు ఇళ్ళ గుట్టు ఆ వేలి కింద ఉంది. కూతుళ్ళ ఫోటోలు, భర్తలతో మాటలు, ఆ పిచ్చిదాని ఆకులు. ఒక్కరు కూడా నన్ను వేలు పెట్టమనలేదు. నేను మంచిదాన్నయితే మాత్రం ఏటి లాభం, నా మంచితనం ఇవాళ లక్ష్మీప్రసాద్ ఒక్క మాటకి జారిపోలేదూ!

చెరిపీడం ఎంతసేపు? సెట్టింగుల్లోకి వెళ్తే వేలిముద్ర 1, వేలిముద్ర 2 అని ఉంటాయి. రెండోది నాది. నొక్కి తీసెయ్యి అంటే అర నిమిషం, గంగకి జన్మలో తెలీదు. అంతవరకూ వెళ్ళేను కూడా. అక్కడ ఆగిపోయేను. చెప్పకుండా పెట్టి, చెప్పకుండా తీస్తే రెండుసార్లు దొంగతనం చేసినట్టే కదా. ఒట్టేసింది నేను, అది తప్పింది నేను. చెప్పాల్సింది కూడా నేనే.

సాయంత్రం గంగ వచ్చింది. టీ కూడా ఇవ్వకుండా ముందు చెప్పీసేను. వేలు ఎప్పుడు పెట్టేనో, ఎందుకు పెట్టేనో, ఇవాళ ఎవరి ముందు తెరిచేనో, వాడు లేచేడో లేదో కొంగు కప్పీడం, అన్నీ. తిడితే బాగుణ్ణనిపించింది. తిట్టలేదు. ఫోను వేపు, నా వేపు మార్చి మార్చి చూసింది. ఆఖరికి ఒక్కటే అడిగింది.

"మా అమ్మమ్మకి ఏటి సెప్పను?"

ఎక్కడ నొక్కాలో చూపించమంది. చూపించేను. రెండో ముద్ర తన చేత్తోనే తీసీసింది. బోర్డు మీది నంబరు కూడా మార్చుకోమన్నాను, గోడ వేపు తిరిగి ఏదో కొట్టుకుంది. తరవాత మూలనున్న బుట్ట తీసుకుంది, వెళ్ళిపోయింది. ఆ బుట్ట ఖాళీది. ఖాళీ బుట్ట ఎప్పుడూ నా దగ్గరే వదిలీసి, పై సంతకి ఇంకో బుట్టతో దిగి దీన్ని తీసుకునేది. నాకు ఏడుపొచ్చీసింది. కొట్లో మనుషులున్నారని కూడా చూసుకోలేదు.

మర్నాటి నుంచి మిగతా నలభై ఒక్కళ్ళకీ కబురంపేను. సంతకొచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి, నీ ఫోనులో నా వేలుంది, తప్పు చేసేను, తియ్యి అని చెప్పడం. కొంతమంది మొహాలు మాడ్చుకున్నారు. ఇద్దరు మళ్ళీ నా కొట్టు మెట్టెక్కలేదు, వాళ్ళ తప్పేం లేదు. సోంబరు అని మేకలు కాసే పెద్దాయన మాత్రం ససేమిరా అన్నాడు. నా ఏలు నా మాటే ఇనదు, నీదైతే ఇంటాది, ఉండనీయమ్మా అని. ఆయన్ని కేకలేసి మరీ తీయించేను. నంబర్లు మార్చుకోండని నేను గోడ వేపు తిరిగి నిలబడితే, ఒకామె తలెత్తి బోర్డు చూసి అవే నాలుగంకెలు మళ్ళీ కొట్టింది. ఆ పూటే నిచ్చెనేసి బోర్డు మీద ఆఖరి నాలుగంకెల మీద సున్నం పూసీసేను. కొట్టు పెట్టి ఫోను నంబరు దాచుకున్నది ఈ లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఆయన రెండు రోజులు నవ్వేడు.

వేళ్ళ సంగతి కూడా అప్పుడే తెలిసింది. బొటనవేలు అరిగిపోయినా ఎడమచేతి చిటికెనవేలు అంత అరగదు, దానికి పనిలో వాటా తక్కువ. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, కొబ్బరినూనె ఓ చుక్క రాసి ఆరనిచ్చి పెడితే చాలామందికి ఎక్కుతోంది. మనిషికి పావుగంట పడుతుంది, అంతే. ఆ పావుగంట ఓపిక మొదటే ఉంటే ఈ తిప్పలు లేకపోవును.

రెండో సంతకి లక్ష్మీప్రసాద్ మళ్ళీ దిగేడు, చేతిలో మిఠాయి పొట్లంతో. పొట్లం వాడి చేతిలోనే ఉంచి, నీ పప్పులు ఇక్కడ ఉడకవురా, నా వేలికి ఇప్పుడు నా ఫోను తప్ప ఏదీ తెరుచుకోదు అని చెప్పేను. నమ్మలేదు. మొహం చూసి నమ్మేడు. తరవాత రాలేదు.

గంగ కూడా రాలేదు. ఒక సంత అయింది, రెండయ్యేయి, మూడయ్యేయి. వాళ్ళ ఊరివాళ్ళు వస్తున్నారు, అడిగితే కాఫీ కోతలో ఉందంటున్నారు. ఆ మూల ఎవరైనా సంచీ పెట్టబోతే అక్కడొద్దు అని కసిరేదాన్ని. మధ్యాహ్నం బల్ల మీద ఒక్కదాన్నే అన్నం తినడం రోత పుట్టి, మా ఆయన కొట్లోకి వెళ్ళి నిలబడే తినీసేదాన్ని.

నాలుగో సంతకి పొద్దున్నే వచ్చింది. వచ్చి, బుట్ట ఎప్పటి మూలనే పెట్టింది. అంత నోరున్నదాన్ని, టీ గిన్నె పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరక్కుండా నిలబడ్డాను. గంగే చెప్పడం మొదలెట్టింది.

ముసలమ్మకి దాచకుండా అంతా చెప్పిందట. మూడోనాడు పొద్దున్న ముంతలో అంబలి తాగుతూ రెండే రెండు అడిగిందట. ఆ సావుకారమ్మ తనే సెప్పినాదా, నువ్వు పట్టుకున్నావా అని ఒకటి. తనే చెప్పిందంది గంగ. ఆడు మెడ సాసినప్పుడు కొంగు కప్పినాదా అని రెండోది. కప్పిందంది.

"'కొంగు కప్పినోలు మనోలే' అన్నాది మా అమ్మమ్మ," అంది గంగ. "'ఆ ఏలు ఒదిలీకు, మనకి కట్టీసుకో' అన్నాది."

నేను తిరిగి చూసేను. గంగ బొటనవేలు చూపించింది. కాఫీ కోతల్లో పైతోలు నల్లబడి, పగిలిపోయుంది. ఈ నెల్లాళ్ళలో ఫోను దాని వేలికి నాలుగుసార్లు కూడా తెరుచుకోలేదట. గోడ వేపు తిరిగి కొట్టిన నంబరు గుర్తుంది గనక సరిపోయింది గానీ, లేకపోతే అమ్మమ్మ మాటలన్నీ లోపలే ఉండిపోయేవి. చిటికెనవేలు సంగతి చెప్పేను. పలకని బొటనవేలి ముద్ర తీసీసి, దాని చోట ఇది నేర్పుకుంటానంది. నేర్పించేను, ఎక్కింది. ఇంక నాతో పనేం ఉందే అన్నాను.

గంగ ఫోను తీసి, దాని మీద కొంగు కప్పి, నా చెయ్యి పట్టుకుని ఆ కొంగు కిందకి లాగింది. మొన్న ఆదివారం హాస్టలుకెళ్ళి సెట్టింగులన్నీ గాయత్రి చేత నేర్పించుకుందట. నన్నడక్కుండా తనే నొక్కుకుంటూ వెళ్ళింది.

పెట్టనన్నాను. ఒకసారి ఒట్టు తప్పిన వేలే ఇది, నాకే దీని మీద నమ్మకం లేదన్నాను. నిజంగానే భయమేసింది.

"అప్పుడు నువ్వు పెట్టుకున్నావు," అంది గంగ. "ఇప్పుడు నాను పెట్టమంతన్నాను."

పెట్టేను. పెట్టు, తియ్యి, మళ్ళీ పెట్టు అంటోంది ఫోను. నా కళ్ళు గట్టిగా మూసుకున్నాను. గంగ కిసుక్కున నవ్వి, కళ్ళెందుకమ్మా మూసుకున్నావు, ఉట్టి సెట్టింగే, ఆకులు లేవు అంది. నవ్వితే నవ్వనీ, అయ్యేవరకూ తెరవలేదు. ఆ వేలుతో ఆ ఫోను నా అంతట నేను ఏనాడూ తెరవను. గంగ తెచ్చి, తియ్యమన్న రోజున కొంగు కింద తీసిస్తాను, కళ్ళు మూసుకునే.

అయిపోయిందనుకున్నాను. గంగ ఇంకా ఏదో కొడుతోంది. ఒక్కో అక్షరం వెతుక్కుని, పెదాలు కదుపుకుంటూ. టీ పొంగి పొయ్యి మీద పడింది, అయినా లేవలేదు నేను. పేరు లేని ఏలు దొంగ ఏలని మా గాయత్రి సెప్పినాది అంటూ, కొంగు తీసి ఫోను నా వేపు తిప్పింది.

వేలిముద్ర 1 ఉంది. దాని కింద వేలిముద్ర 2 అని ఉండాల్సిన చోట ఆ మాట లేదు. అక్కడ రెండే రెండు అక్షరాలున్నాయి. అప్ప.